రెండు మంచి హోటళ్ళలో ఏది ఎంచుకోవాలి?

పరీక్షకో, ఇంటర్వ్యూకో మనలో చాలామంది విశాఖపట్నం వెళ్ళవలసి వస్తుంది. ఉదయాన్నే సెంటరులో ఉండాలంటే రామతీర్థం నుంచి తెల్లవారి బస్సును నమ్ముకోవడం కష్టం. ముందురోజు రాత్రి అక్కడ బస చేయక తప్పదు. మన ఇళ్ళలో హోటల్ గది తీసుకున్న పెద్దలు తక్కువ, కనుక అడిగి తెలుసుకునే వీలుండదు. ఫోనులో చూస్తే రెండు హోటళ్ళకూ మంచి మార్కులే ఉంటాయి. అప్పుడు ఈ క్రింది విషయాలు గమనించాలి.

1. స్టార్లు వేరు, మార్కులు వేరు. త్రీ స్టార్, ఫైవ్ స్టార్ అనేవి కేంద్ర పర్యాటక మంత్రిత్వ శాఖ కమిటీ తనిఖీ చేసి ఇచ్చే హోదాలు. ఫోనులో కనిపించే 4.3, 4.5 జనం వేసిన మార్కుల సగటు మాత్రమే.

2. ఎంతమంది వేశారు? ఒక హోటల్‌కు 30 మంది వేసిన సగటు 4.3 అనుకుందాం. తెలిసినవాళ్ళు పదిమంది చేత ఐదేసి మార్కులు వేయిస్తే అది సుమారు 4.5 అవుతుంది. అదే 2,000 మంది వేసినచోట ఆ పదిమంది వల్ల 4.3 కదలదు. దొంగ సమీక్షల బెడద ఉంది కనుకనే భారత ప్రమాణాల సంస్థ 2022 నవంబరులో ఐఎస్ 19000 అనే ప్రమాణం తెచ్చింది.

3. దేనికి వేశారు? ఇద్దరు విద్యార్థుల మొత్తం మార్కులు సమానమైనా, ఒకరు లెక్కల్లో, మరొకరు తెలుగులో మెరుగు కావచ్చు. విశాఖలో డాబాగార్డెన్స్ డాల్ఫిన్, బీచ్ రోడ్డు నోవోటెల్ రెండూ పేరున్నవే. మొదటిది ఊరి నడుమ బస్ కాంప్లెక్స్‌కు దగ్గర, రెండోది సముద్రానికి ఎదురుగా ఉంది. సముద్రం కోసం వచ్చినవారి మెప్పు పరీక్షకు వెళ్ళేవారికి అక్కరకు రాదు. ఇవి మన జేబుకు అందకపోయినా, చిన్న లాడ్జీలకూ ఇదే సూత్రం. ఈమధ్య రాసిన సమీక్షల్లో నీళ్ళు, శబ్దం, శుభ్రత గురించి చదవాలి.

4. మొత్తం ఖర్చెంత? 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల వరకు ఉన్న గదికి జీఎస్టీ 5 శాతం. దూరంగా ఉన్న 900 రూపాయల గదికి పన్నుతో 945, రానుపోను ఆటోకు 300 కలిపితే 1,245 అవుతుంది. సెంటరు పక్కన 1,100 రూపాయల గది పన్నుతో 1,155 మాత్రమే. గది 24 గంటల లెక్కా, మధ్యాహ్నానికి ఖాళీ చేయాలా అన్నది కూడా ముందే అడగాలి.

5. మన గౌరవం. హోటల్ గుమ్మం ముందు సంకోచం అక్కరలేదు. కులం కారణంగా ఎవరినీ హోటల్లోకి రాకుండా ఆపరాదని రాజ్యాంగం 15వ అధికరణం చెబుతోంది. అంటరానితనం పేరుతో అడ్డుకోవడం 1955 నాటి పౌర హక్కుల పరిరక్షణ చట్టం ప్రకారం శిక్షార్హమైన నేరం. గుర్తింపు కార్డు అందరినీ అడుగుతారు, అది దగ్గర ఉంచుకోండి. బిల్లులో మోసం జరిగితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు.

పేరు గొప్ప ఊరు దిబ్బ అన్న సామెత ఊరికే పుట్టలేదు. పదిమంది వేసిన మార్కులు చూడండి, కాని మీ అవసరాన్ని బట్టి మీరే మార్కులు వేసి నిర్ణయించుకోండి. రాత్రి నిశ్చింతగా నిద్రపోయి, ఉదయం వేళకు సెంటరు చేరి, మీరంతా విజయం సాధించాలని కోరుకుంటున్నాను.