కొండవాలు సేద్యం – భూసార రక్షణ

శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ మార్గం ఎక్కువారికి కొండవాలుల మీద చోడి, సామ, వలిసె చేలు కనిపిస్తాయి. వాటిని సాగుచేయువారు కొద్దిపాటి భూమి గల గిరిజన రైతులు. ఆ చేల సారం నిలుచునా, లేదా అన్న ప్రశ్న వారిది మాత్రమే కాదు. గోస్తనీ నది ఆ కొండలలో పుట్టి తాటిపూడి జలాశయంలో చేరుతున్నది. ఎగువన కోసుకుపోయిన మట్టి దిగువన మనకు పూడికగా వస్తుంది.

పోడు – బీడు

పూర్వం కొండపై చెట్లు నరికి, కాల్చి, రెండు మూడేండ్లు పండించి, ఆ చోటును అనేక సంవత్సరాలు బీడుగా విడిచేవారు. బూడిదలోని పొటాషు, సున్నం పైరుకు అందేవి. నత్రజని మాత్రం చాలవరకు పొగతో పోయేది. దానిని మరల కూడబెట్టినది బీడుకాలమే. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం పోడును కట్టడి చేసింది. 1922 మన్యం తిరుగుబాటుకు గల కారణాలలో అదియొకటి. కాలక్రమాన జనం పెరిగి, బీడుకాలం కుదించుకుపోయింది. కావున దోషం రైతు అజ్ఞానంలో లేదు, నేలకు దొరకని విశ్రాంతిలో ఉన్నది. 2006 అటవీ హక్కుల చట్టం క్రింద పట్టా పొందిన రైతు ఒకేచోట సేద్యం చేయవలసి ఉన్నది. ఒకనాడు బీడు చేసిన పనిని నేడు అతడే చేయవలెను.

చేయదగిన పనులు

మొదటిది, మట్టిని నిలుపుట. వాలుకు అడ్డంగా దున్ని, రాతికట్టలు వేసి, గట్లపై గడ్డిని పెంచినచో వాననీటి వేగం తగ్గుతుంది.

రెండవది, సేంద్రియ పదార్థం. నూరు కిలోల పశువుల గత్తంలో సుమారు అరకిలో నత్రజని ఉంటుంది. 45 కిలోల యూరియా బస్తాలోని నత్రజనికి సుమారు 4 టన్నుల గత్తం కావలెను. అయితే నేలను గుల్లపరచి తేమను నిలుపు గుణం యూరియాకు లేదు. అంత గత్తాన్ని కొండపైకి మోయుట కష్టం కనుక, గట్లపైననే గ్లైరిసిడియా నాటి ఆకును చేనిలో వేయుట సులభోపాయం.

మూడవది, పంటల కలయిక. చోడితో కంది, బొబ్బర చేర్చినచో వాటి వేరుబుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని గ్రహిస్తాయి. ఆమ్లగుణం గల ఎర్రనేలలలో ఇనుము, అల్యూమినియం భాస్వరాన్ని బంధిస్తాయి. కావున భాస్వరపు ఎరువును వెదజల్లక, గత్తంతో కలిపి సాళ్లలో వేయుట మేలు.

2016 నుండి మన రాష్ట్రంలో ప్రోత్సహింపబడుతున్న ప్రకృతి సేద్యంలో ద్రవజీవామృతం ముఖ్యమైనది. 200 లీటర్ల నీటిలో 10 కిలోల పేడ కలిపినందున అందు పోషకాలు స్వల్పమే. సూక్ష్మజీవులను మేల్కొల్పుట దాని ఉద్దేశం. వాటికి ఆహారమైన ఆకు, అలము, గత్తం నేలలో లేకున్న మేల్కొల్పి ప్రయోజనమేమి?

ఉర్దూలో ‘అమానత్’ అను మాట గలదు. మరల అప్పగించుటకై మనవద్ద ఉంచబడిన సొత్తు అని దాని భావం. నేల అట్టి సొత్తే. అందుకున్నంత సారంతోనైనా దానిని రేపటివారికి అప్పగించుట కొండమీది రైతుకును, ఆ కొండనీరు త్రాగు మనకును సమానమైన బాధ్యత.