క్రియాటినిన్ బాగుంటే నొప్పి ఉండదా?

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. మా నాన్నగారికి, మేనత్తకు కిడ్నీల నిండా నీటితిత్తులు. నాకూ వచ్చాయి. కుడి డొక్కలో రోజూ నొప్పి. క్రియాటినిన్ 0.9 ఉందిగా, కిడ్నీ నొప్పి అయ్యుండదు, గ్యాస్ అంటారు ఇంట్లో. మెడికల్ షాపులో ఇచ్చిన బిళ్లలతో నెట్టుకొస్తున్నాను.
– ఒక సోదరి, తణుకు

జవాబు: గ్యాస్ అని మీ ఇంట్లోవాళ్లు ఎలా తేల్చారమ్మా? క్రియాటినిన్ చెప్పేది కిడ్నీ రక్తాన్ని ఎలా వడకడుతోందన్నదే. కిడ్నీ ఎంత ఉబ్బిందో అది చెప్పదు. కిడ్నీల నిండా తిత్తులు వచ్చే ఈ జబ్బులో (పాలిసిస్టిక్ కిడ్నీ డిసీజ్) చెడని భాగం మిగతా పని కూడా నెత్తినేసుకుంటుంది కనుక ఆ అంకె ఏళ్ల తరబడి మామూలుగానే ఉంటుంది. ఈలోగా 150 గ్రాములుండాల్సిన కిడ్నీ కిలో కూడా దాటొచ్చు. అప్పుడు పైపొర సాగుతుంది. ఆ పొరలో నొప్పి తెలిసే నరాలు ఉంటాయి. ఆ బరువుకు నడుము కండరాలు కూడా పట్టేస్తాయి. ఈ జబ్బున్నవాళ్లలో సగం మందికి పైగా నొప్పి ఉంటుంది. మీది ఊహ కాదు.

డాక్టరు దగ్గర ‘నొప్పి’ అని ఒక్క మాటతో ఊరుకోకండి. ఉన్నట్టుండి వచ్చి, వేలితో చూపించగలిగేంత ఒక్కచోటే ఉంటే తిత్తిలో రక్తం చిమ్మిందేమో చూడాలి. మూత్రం ఎర్రబడకపోయినా అది జరగొచ్చు. చాలామందికి విశ్రాంతితో కొద్దిరోజుల్లో సర్దుకుంటుంది. అలలు అలలుగా వచ్చి గజ్జల్లోకి దిగితే రాయి కావచ్చు. ఈ జబ్బులో రాళ్లు ఎక్కువే. చలిజ్వరం తోడైతే మాత్రం ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. తిత్తి మూసుకుని ఉంటే లోపల చీము పట్టినా మూత్ర పరీక్షలో ఏమీ కనపడకపోవచ్చు. అందుకే మీకున్న జబ్బు పేరు డ్యూటీ డాక్టరుకు మీరే చెప్పాలి.

ఇక ఆ బిళ్లలు. మీ ఉత్తరం చూడగానే నాకు కోపం వచ్చింది వాటి మీదే. నొప్పికి షాపుల్లో ఇచ్చే డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. పైగా రక్తపోటుకు రామిప్రిల్, టెల్మిసార్టాన్ లాంటివి వాడుతుంటే మరీ ప్రమాదం. కౌంటరు మీద చీటీ లేకుండా దొరికింది కదా అని మందు మంచిదైపోదు. ఈ రోజే మానేయండి. పారాసిటమాల్ చాలు, అదీ డాక్టరు చెప్పిన మోతాదులో. వేడి కాపడం, నడుముకు ఫిజియోథెరపీ నిజంగా పనిచేస్తాయి. అప్పటికీ తగ్గకపోతే నెఫ్రాలజిస్టును గట్టిగా అడగండి. నొప్పికి కారణమైన పెద్ద తిత్తి దొరికితే సూదితో నీరు తీసి, మళ్లీ నిండకుండా మందు ఎక్కించే పద్ధతి ఉంది. లాపరోస్కోపీ ఉంది, నరాలకు మత్తిచ్చే పద్ధతీ ఉంది. ఓర్చుకోవడం వైద్యం కాదు.

ప్రశ్న: ఉలవచారు రోజూ తాగితే కిడ్నీలో తిత్తులు కరుగుతాయా?
– ఒక రైతు, సూర్యాపేట

జవాబు: కరగవు. ఈ జబ్బులో అదుపులో ఉంచుకోవాల్సింది బీపీ, ముందు అది చూపించుకోండి.

ప్రశ్న: మావారికి కిడ్నీ తిత్తుల జబ్బుంది. 24 ఏళ్ల మా అమ్మాయి నడుం నొప్పి అంటోంది. సంబంధాలు చూస్తున్నాం, స్కానింగు పెళ్లయ్యాక చేయిద్దామనుకుంటున్నాం.
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: ఎవరి కోసం దాస్తున్నారమ్మా? ఆడపిల్లకైనా మగపిల్లాడికైనా ఈ జబ్బు వచ్చే అవకాశం సగానికి సగం. అంటే రాకపోవడానికీ అంతే ఉంది. ఆ నడుం నొప్పి ఉత్త కండరాల నొప్పే కావచ్చు. కడుపు అల్ట్రాసౌండ్ తీయిస్తే చాలావరకు తేలిపోతుంది. ఉందనే తేలినా పెళ్లి మానుకోవాల్సిన జబ్బు కాదు. రక్తపోటు అదుపులో ఉండి, కిడ్నీలు బాగా పనిచేస్తున్న చాలామంది ఆడవాళ్లు చక్కగా బిడ్డల్ని కంటున్నారు. కానీ కొన్ని బీపీ మందులు గర్భానికి ముందే మార్చాలి. జబ్బుందో లేదో తెలియని పిల్లకు ఆ మార్పు ఎవరు చేస్తారు? ముందు అమ్మాయితో మాట్లాడండి. ఒప్పుకుంటే ఈ వారమే స్కానింగుకు తీసుకెళ్లండి. వాళ్ల నాన్నగారి రిపోర్టులు కూడా పట్టుకెళ్లండి.