రాతినార – చలికాలపు జాగ్రత్తలు

పిల్లలూ! నార అంటే మీకు తెలుసు. కొబ్బరి పీచుతో తాళ్ళు పేనుతారు. జనపనారతో గోనెసంచులు నేస్తారు. ఇవి చెట్ల నుండి వచ్చే నారలు. రాతి నుండి కూడా నార వస్తుందంటే నమ్ముతారా? వస్తుంది. భూమిలో దొరికే కొన్ని ఖనిజాలను దంచితే అవి పొడి కావు, పోగులు పోగులుగా విడిపోతాయి. ఆ పోగులతో దారం వడకవచ్చు, బట్ట కూడా నేయవచ్చు. దీనినే తెలుగులో రాతినార అంటారు. ఇంగ్లీషులో ఆస్‌బెస్టాస్ అంటారు. ఆ పేరు గ్రీకు భాష నుండి వచ్చింది. ‘ఆరనిది’ అని దాని అర్థం. మన కడప జిల్లాలో పులివెందుల ప్రాంతపు రాళ్ళలో కూడా ఈ నార ఉంది.

రాతినారలో తెలుపు, గోధుమ, నీలం అనే మూడు రకాలను ఎక్కువగా వాడారు. ఇది నిప్పులో కాలదు. వేడిని బయటికి పోనివ్వదు. చవకగా దొరికేది. అందువల్ల ఇరవయ్యవ శతాబ్దంలో బ్రిటన్‌లో దీనిని విరివిగా వాడారు. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత ఇళ్ళు, బడులు, ఆసుపత్రులు త్వరత్వరగా కట్టవలసి వచ్చింది. ఆ కట్టడాలలో వేడినీటి గొట్టాలకు రాతినార తొడుగులు చుట్టారు. బాయిలర్ల చుట్టూ రాతినార పలకలు బిగించారు. గ్యారేజీలకు రాతినార కలిపిన సిమెంటు రేకులు కప్పారు. నేలమీది పలకలలోను, పైకప్పుకు గరుకుగా పూసే ఆర్టెక్స్ పూతలోను కూడా దీనిని కలిపారు. సెలవులలో మన ఊరు వెళ్ళినప్పుడు మీరు చూసే రేకుల ఇళ్ళలో చాలా వాటి పైకప్పు కూడా ఇట్టి సిమెంటు రేకులదే.

నెల్లీ కెర్షా కథ

ఇంత ఉపయోగపడే వస్తువు మనిషికి కీడు చేస్తుందని ఎలా తెలిసింది? ఇంగ్లండులో రాచ్‌డేల్ అనే ఊరు ఉంది. అక్కడి ఒక రాతినార మిల్లులో నెల్లీ కెర్షా అనే ఆమె దారం వడికేది. ఆ గదులలో ఎప్పుడూ సన్నని ధూళి ఎగురుతూ ఉండేది. కొన్నేళ్ళకు ఆమెకు ఆయాసం పట్టుకుంది. 1922లో పని మానవలసి వచ్చింది. మా పని వల్ల ఈ జబ్బు రాలేదని యజమానులు పరిహారం ఇవ్వలేదు. 1924 మార్చి 14న ఆమె మరణించింది. అప్పటికి ఆమె వయస్సు 33 సంవత్సరాలు.

విలియం కుక్ అనే వైద్యుడు ఆమె ఊపిరితిత్తులను సూక్ష్మదర్శినితో పరీక్షించాడు. వాటిలో రాతినార ముక్కలు కనిపించాయి. ఆయన ఈ సంగతిని అదే సంవత్సరం వైద్య పత్రికలో ప్రకటించాడు. 1927లో ఆ జబ్బుకు ఆస్‌బెస్టోసిస్ అని పేరు పెట్టాడు. ప్రభుత్వం విచారణ జరిపించింది. పరీక్షించిన కార్మికులలో సుమారు నలుగురిలో ఒకరికి ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయని 1930లో నివేదిక వచ్చింది. 1931లో నియమాలు చేశారు. కాని అవి ఫ్యాక్టరీలకే వర్తించాయి. రాతినార పలకలను కోసి ఇళ్ళకు బిగించే వడ్రంగులు, గొట్టాల పనివారు చాలాకాలం ఏ రక్షణా లేకుండానే పని చేశారు.

నీలం, గోధుమ రకాలను నిషేధిస్తూ 1985లో నియమాలు వచ్చాయి. తెల్ల రకాన్ని 1999లో నిషేధించారు. అయినా అంతకు ముందు కట్టిన భవనాలలో రాతినార ఇంకా ఉంది. మన బడులలో కూడా చాలా వాటిలో ఉంది. ఈనాటికీ బ్రిటన్‌లో ఏటా సుమారు 5,000 మంది రాతినార వల్ల వచ్చిన జబ్బులతో మరణిస్తున్నారు. వీరిలో చాలామంది ఎన్నో ఏళ్ళ క్రితం ఆ ధూళిని పీల్చినవారే.

అది ఎలా కీడు చేస్తుంది?

రాతినార పోగు నిలువునా చీలుతుంది. చీలిన పోగు మళ్ళీ చీలుతుంది. చివరకు అది వెంట్రుక కంటె ఎన్నో రెట్లు సన్ననిదై కంటికి కనబడకుండా గాలిలో తేలుతుంది. దానికి వాసన లేదు. పీల్చినవారికి అప్పటికప్పుడు ఏ బాధా ఉండదు. మామూలు దుమ్మును మన శరీరం దగ్గుతో, చీమిడితో బయటికి పంపుతుంది. ఈ పోగులలో కొన్ని ఊపిరితిత్తుల లోతున నాటుకొని అక్కడే ఉండిపోతాయి. అవి కరగవు. సాధారణంగా 20 నుండి 50 సంవత్సరాల తరువాత జబ్బు బయటపడుతుంది.

అయితే పిల్లలూ, రాతినార ఉన్న బడిలో కూర్చున్నంత మాత్రాన జబ్బు రాదు. పలక పగలకుండా, పైపూత చెదరకుండా ఉంటే పోగులు గాలిలోకి రావు. దానిని కోసినప్పుడు, తొలిచినప్పుడు, గీకినప్పుడు, విరిచినప్పుడు అవి ఎగురుతాయి. రాతినార నివురుగప్పిన నిప్పు వంటిది. కదపకుండా ఉండనిస్తే మనలను ఏమీ చేయదు. అది ఎక్కడ ఉన్నదో తెలియకపోవడమే అసలు ప్రమాదం.

చలికాలంలో ఎందుకు జాగ్రత్త?

వేసవిలో ఎవరూ ముట్టని చోట్లకు చలికాలంలో చేతులు పోతాయి. బాయిలరు ఆగిపోతే బాగుచేసే మనిషి వచ్చి పాత పలకలు విప్పుతాడు. అటకమీది గొట్టాలలో నీరు గడ్డకట్టి గొట్టాలు పగులుతాయి. ఆ నీటికి పైకప్పు నాని పెచ్చులు ఊడిపడతాయి. పెనుగాలికి గ్యారేజీ రేకులు విరుగుతాయి. మంచు తోయడానికి కొందరు ఆ రేకులమీదికి ఎక్కుతారు. అవి బరువు మోయలేక విరిగి మనిషి కింద పడతాడు. పండుగలు కూడా ఈ కాలంలోనే వస్తాయి. క్రిస్మస్‌కు, సంక్రాంతికి తోరణాలు కట్టాలని బడి గోడలకు పిన్నులు గుచ్చుతాము. గోడ రాతినార పలకదైతే గుచ్చిన ప్రతిచోటా కొన్ని పోగులు రాలుతాయి.

సంభాషణ

(చలికాలపు ఉదయం. తండ్రి బాయిలరు అలమర వద్ద సుత్తి, మేకులు పట్టుకొని నిలబడ్డాడు.)

తండ్రి: తడికోట్లు ఆరడానికి ఇక్కడ రెండు మేకులు కొడతానమ్మా.

కూతురు: నాన్నగారూ, ఒక్క నిమిషం ఆగండి! ఈ ఇల్లు ఎప్పుడు కట్టారు?

తండ్రి: 1965లో అని కాగితాలలో ఉంది. ఎందుకమ్మా?

కూతురు: ఆ కాలపు ఇళ్ళలో బాయిలరు చుట్టూ రాతినార పలకలు పెట్టేవారట. మా పంతులమ్మగారు చెప్పారు.

తండ్రి: ఇది మామూలు పలకలాగే ఉందే! పైన తెల్లరంగు కూడా వేశారు.

కూతురు: కంటితో చూసి చెప్పలేమట. తెలిసినవారు చిన్న ముక్క తీసుకొని పరీక్షశాలలో చూస్తేనే తెలుస్తుందట.

తండ్రి: అయితే వెంటనే పీకి పారేయాలేమో!

కూతురు: వద్దండీ. పగలకుండా ఉంటే అలాగే ఉంచడం మంచిదట. పీకితేనే ధూళి లేస్తుందట.

తండ్రి: మంచి మాట చెప్పావు తల్లీ. కోట్లు మరోచోట తగిలిద్దాం. రేపు బాయిలరు చూడడానికి వచ్చే మనిషికి కూడా ఈ సంగతి ముందే చెబుదాం.

మనం పాటించవలసినవి

1. బడి గోడలకు, పైకప్పుకు పిన్నులు, మేకులు గుచ్చరాదు. తోరణాలు ఎక్కడ కట్టాలో ఉపాధ్యాయులను అడగాలి.

2. పగిలిన పలకను, ఊడిన గొట్టపు తొడుగును ముట్టరాదు. గది విడిచి, తలుపు మూసి, పెద్దలకు చెప్పాలి.

3. రాలిన పెచ్చులను చీపురుతో ఊడ్వరాదు. ఇంట్లో వాడే వ్యాక్యూమ్ యంత్రంతోను తీయరాదు. రెండింటివల్లా పోగులు గాలిలోకి లేస్తాయి.

4. గ్యారేజీ రేకులమీదికి ఎక్కరాదు. బంతి పైన పడితే పెద్దలకు చెప్పాలి.

5. ఎప్పుడైనా ఒకసారి పొరపాటున తాకినంత మాత్రాన భయపడనక్కరలేదు. సంగతి దాచకుండా చెప్పడం ముఖ్యం.

బ్రిటన్‌లో బడులను, కార్యాలయాలను నిర్వహించేవారు తమ భవనంలో రాతినార ఎక్కడెక్కడ ఉన్నదో పట్టీ రాసి ఉంచాలి. అది ఏ స్థితిలో ఉన్నదో అప్పుడప్పుడు చూడాలి. పని చేయడానికి వచ్చిన ప్రతి మనిషికి ఆ వివరం ముందుగా తెలపాలి. ఇది చట్టం. గొట్టాల తొడుగుల వంటి ప్రమాదకరమైన వాటిని లైసెన్సు ఉన్నవారే తొలగించాలి. సొంత ఇంటిలో నివసించేవారికి ఇట్టి పట్టీ ఉండదు. అక్కడ మన జాగ్రత్తే మనకు పట్టీ.

నెల్లీ కెర్షాకు తాను పీల్చే ధూళి ఎటువంటిదో చెప్పినవారు లేరు. మనకు తెలిసింది. తెలిసినవారు తెలియనివారికి చెప్పాలి. బాయిలరు బాగుచేయడానికి వచ్చిన మనిషి కూడా ఒక ఇంటి బిడ్డే. సాయంత్రానికి అతడు క్షేమంగా ఇల్లు చేరడం మనం ముందుగా చెప్పే ఒక్క మాటమీద ఆధారపడి ఉండవచ్చు.

అభ్యాసం

అ. అర్థాలు: పేనుట = మెలిపెట్టి తాడు చేయుట; నివురు = నిప్పుమీది బూడిద; పరిహారం = నష్టానికి బదులుగా ఇచ్చే సొమ్ము; పెచ్చు = ఊడిన పూత ముక్క; అటక = పైకప్పు కింద సామాను ఉంచే చోటు.

ఆ. జవాబులు రాయండి:
1. రాతినారను భవనాలలో ఎందుకు వాడారు?
2. విలియం కుక్ ఏమి కనుగొన్నాడు?
3. రాతినారను నివురుగప్పిన నిప్పుతో ఎందుకు పోల్చారు?
4. చెక్కుచెదరని పలకను పీకివేయడం కంటె అలాగే ఉంచడం ఎందుకు మంచిది?

ఇ. ఖాళీలు పూరించండి:
1. తెల్ల రాతినారను బ్రిటన్‌లో ______ లో నిషేధించారు.
2. రాలిన పెచ్చులను ______ తో ఊడ్వరాదు.

ఈ. సొంత వాక్యాలలో వాడండి: చెక్కుచెదరకుండా, విరివిగా, క్షేమంగా.

ఉ. చేయండి: మీ బడి భవనం ఏ సంవత్సరంలో కట్టారో ఉపాధ్యాయులను అడిగి తెలుసుకోండి. ఈ పాఠంలోని సంభాషణను ఇంటిలో అమ్మమ్మకో, తాతయ్యకో చదివి వినిపించండి.