కందిరీగ కుట్టినప్పుడు

వర్షకాలము ముగిసి బతుకమ్మ పండుగ సమీపించినంతనే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతముల పిల్లలు తంగేటిపూలకును గునుగుపూలకును గట్లవెంటను బీళ్లలోను తిరుగ నారంభింతురు. సీతాఫలములు పండు కాలమును అదియే. సరిగా ఆ దినములలోనే కందిరీగల గూళ్లును మిక్కిలి పెరిగి యుండును. ఒక్క రాణియీగ యారంభించిన గూడు అప్పటికి కూలియీగలతో నిండును. కావున మన బాలురు వానిచే కుట్టబడుట వింత కాదు. ఇరువురి పనియు ఒకే కాలమున ఒకే పొదలో జరుగుచున్నది.

కందిరీగ యని మనము పిలుచు పురుగులలో పెక్కు తెగలు గలవు. గోడలకు మట్టిగూళ్లు కట్టునవి ఒంటరిగా బ్రతుకును. పట్టి పిసికిననే తప్ప సాధారణముగా కుట్టవు. ఇది పురుగును తెచ్చి గూటిలో నుంచి, తన ఝంకారముచే దానిని తనవలె మార్చుకొనునని పెద్దలు భ్రమరకీటన్యాయము చెప్పుదురు. నిజమునకు ఆ పురుగు, గూటిలోని గ్రుడ్డునుండి పుట్టు పిల్లకు ఆహారము. ఉపమానము మాత్రము చక్కనిదే. పొదలలో కాగితమువంటి చిన్నగూడు వ్రేలాడదీయు సన్ననడుము ఈగలు రెండవ తెగ. మూడవది పెద్ద కందిరీగ. వీనిలో ఎఱ్ఱని గోధుమవన్నె దేహమును పసుపుపట్టెలును గలదానికి 1771లో లినేయసు పండితుడు ఓరియెంటాలిస్, అనగా తూర్పుదేశపుది, అని పేరిడెను. ఇది నేలబొరియలలోను, గోడపగుళ్లలోను, చెట్టుతొఱ్ఱలలోను గూడు కట్టును. మిట్టమధ్యాహ్నపు టెండలో తక్కిన పురుగులు నీడ చేరగా ఇది మన్ను త్రవ్వుచునే యుండును. దాని పసుపుపట్టెలలోని వర్ణపదార్థము సూర్యరశ్మిని గ్రహించి శక్తిగా మార్చగలదని 2010లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. బత్తాయితోటలలో రాలిన పండ్లన్నను, తాటికల్లన్నను దీనికి మిక్కిలి ప్రీతి. ఆ సంగతి గీతపనివారికి ఎవ్వరును చెప్పనక్కఱలేదు.

కుట్టునది ఆడుఈగయే, గ్రుడ్లు పెట్టు అవయవమే ముల్లుగా మారినది. తేనెటీగ ముల్లు కొక్కెములచే మన చర్మములో చిక్కుకొని ఊడిపోవును, ఈగయు చచ్చును. కందిరీగ ముల్లు అట్లు చిక్కదు గనుక అది మరల మరల కుట్టగలదు.

కొన్ని యేండ్ల క్రిందట నేను పదిమంది బాలురతో సాగరు ఎడమకాలువ గట్టున నడచుచుంటిని. ఎండిన తాటిమొద్దు తొఱ్ఱలోనికి ఈగలు వచ్చుచు పోవుచుండెను. హెచ్చరించులోపలనే ఒకడు రాయి విసరెను. నేను చేసిన తప్పును దాచను. బాలురను పరుగెత్తుడని చెప్పుటకు మారుగా పైతువ్వాలు త్రిప్పుచు ఈగలను తోలజూచితిని. ఆ కదలిక వానిని మఱింత రేపెను. విషముతోపాటు వెలువడు వాసన తక్కిన యీగలకు పిలుపువంటిది. నిలిచి పోరాడువానిమీదికే గుంపు వచ్చును. ముఖము కప్పుకొని దూరముగా పరుగెత్తి, ఇంటిలోనో బండిలోనో దూరి తలుపు మూసికొనవలెను.

ఒకనికి ఆరు కుట్లు పడెను. వాడు బిగ్గరగా ఏడ్చెను, అంతే. మఱియొకనికి పడినవి రెండే. పదినిమిషములు గడవకమునుపే వాని యొడలెల్ల దద్దురులు లేచి, పెదవులు ఉబ్బి, గొంతు బొంగురుపోయి, ఊపిరియాడక కూలబడెను. చేనిలోని అవ్వ యొకతె పరుగున వచ్చి, "అయ్యో బిడ్డా" యనుచు తన సున్నపుకాయలోని సున్నము కుట్టినచోట పూసినది. ఆమె ప్రేమకు వంక పెట్టను. కాని యప్పుడు అపాయము కుట్టినచోట లేదు. గొంతులోను రక్తనాళములలోను ఉన్నది. ఆటోలో ఆసుపత్రికి చేర్చినంతనే వైద్యుడు తొడకండరములో ఎడ్రినలిన్ సూది వేసెను. కొలది నిమిషములలో వాని యూపిరి తెరిపిన పడెను.

మునుపు ఎప్పుడో కుట్టిన యీగ విషమును దేహము శత్రువుగా గుర్తుంచుకొని, రెండవమారు హద్దుమీరి పోరాడుటయే దీనికి కారణము. 1902లో ఫ్రాన్సు దేశమున షార్ల్ రీషే, పాల్ పోర్ట్యే అను శాస్త్రజ్ఞులు సముద్రజీవి విషముతో కుక్కలపై పరీక్షలు చేయుచు ఈ చిత్రమును కనుగొని దానికి ఎనఫిలాక్సిస్ అని పేరిడిరి. రీషేకు 1913లో నోబెలు బహుమానము లభించెను. కుట్ల లెక్కను బట్టి అపాయమును కొలువరాదని నేను గట్టుమీద నేర్చినది, వారు పరిశోధనశాలలో నేర్చిరి.

అయినను లెక్కకు బొత్తిగా విలువ లేదనరాదు. పదులకొలది కుట్లు పడినచో ఈ గుణము లేనివానికిని విషము కండరములను, మూత్రపిండములను చెఱచవచ్చును; మూత్రము నల్లబడుట దాని గుర్తు. అట్టివానిని ఆసుపత్రిలో ఉంచి చూడవలెను. ఒకటి రెండు కుట్లకు వాపు మాత్రమే యున్నచో సబ్బునీట కడిగి చల్లని గుడ్డ వేసిన చాలును. ఉంగరములు, గాజులు వాపునకు ముందే తీయవలెను. తేనెటీగ ముల్లు చర్మములో నిలిచినయెడల గోటితోనైనను వెంటనే తీసివేయవలెను. ఎట్లు తీయుటయన్న సందేహముతో ఆలసింపరాదు. ఊపిరి కష్టమైనను, కండ్లు తిరిగినను 108కు ఫోను చేసి రోగిని పరుండబెట్టవలెను. ఆయాసమున్నవాడు కూర్చుండవచ్చును గాని నడువరాదు.

ఆ బాలుడు మూడవదినమున బడికి వచ్చెను. మరల కుట్టినచో ఇంతకంటె తీవ్రము కావచ్చునని వైద్యుడు వ్రాసియిచ్చిన చీటీని వాని తల్లి నా చేతికిచ్చి, "అయ్యగారూ, నాకు చదువు రాదు, మీరే గుర్తుంచుకోండి" యనెను. ఉపాధ్యాయుల గది గోడమీద, గంటల పట్టిక ప్రక్కనే, దానిని అంటించితిమి.