ట్యాపెట్ చప్పుడు ఆగితే బాగైనట్టేనా?

ప్రశ్న: మాది 110 సీసీ స్కూటర్. అయిదేళ్లలో 28 వేల కిలోమీటర్లు తిరిగింది. పోయిన నెల ఇంజన్‌లో టిక్‌టిక్‌మని చప్పుడు వస్తోందని స్కూల్ నుంచి వస్తూ దారిలో మెకానిక్‌కి చూపించాను. ‘ట్యాపెట్ సౌండ్ మేడమ్’ అంటూ పది నిమిషాల్లో టైట్ చేసి ఇచ్చాడు. చప్పుడు పూర్తిగా పోయింది. కానీ ఇప్పుడు పొద్దున్నే సెల్ఫ్ ఒక పట్టాన అందుకోవడం లేదు. సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజన్ కూడా ఆగిపోతోంది. పెట్రోల్ కల్తీ అంటారా? – ఒక ఉపాధ్యాయురాలు, ఖమ్మం

జవాబు: పెట్రోల్‌ని అనుమానించే ముందు ఆ పది నిమిషాల పనిని అనుమానించండమ్మా. దారిలో ఆపి చేయించారంటే ఇంజన్ ఇంకా కాలుతూనే ఉండి ఉంటుంది. పైగా గేజ్ పెట్టకుండా, చప్పుడు ఆగేదాకా స్క్రూ తిప్పి ఉంటారు. ఈ రెండూ కలిస్తే మీరు చెప్పిన లక్షణాలే వస్తాయి.

మీ బండి ఇంజన్ హెడ్‌లో రెండు వాల్వులుంటాయి. ఒకటి గాలీ పెట్రోలూ కలిసిన మిశ్రమాన్ని లోపలికి రానిస్తుంది, రెండోది కాలిన పొగను బయటికి పంపిస్తుంది. క్యామ్ షాఫ్ట్ తిరుగుతూ రాకర్‌ను లేపితే, ఆ రాకర్ వాల్వు కాడను నొక్కుతుంది. రాకర్ చివరనున్న స్క్రూకీ కాడ కొసకీ మధ్య కాస్త సందు ఉండాలి. ఆ సందును సరిచేయడాన్నే ట్యాపెట్ సెట్టింగ్ అంటారు. చిన్న స్కూటర్లలో అది ఎక్కువగా 0.05 నుంచి 0.15 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. అంటే ఇంచుమించు తలవెంట్రుక మందం. వేడికి వాల్వు కాడ సాగుతుంది, హెడ్డూ సిలిండరూ కూడా తమ లెక్కన సాగుతాయి. అవన్నీ చూసుకునే, చల్లని ఇంజన్ మీద ఇంత సందు ఉండాలని కంపెనీ వాళ్లు నిర్ణయిస్తారు. కాలుతున్న ఇంజన్ మీద కొలిస్తే ఆ అంకెకు అర్థమే లేదు.

సందు ఎక్కువైతే స్క్రూ కాడను తట్టినప్పుడల్లా టిక్‌మంటుంది. మీరు విన్నది అదే కావచ్చు. సందు బొత్తిగా లేకపోతే చప్పుడే ఉండదు, కానీ వాల్వు పూర్తిగా మూసుకోదు. చెరువు తూము తలుపు కింద చితుకు అడ్డం పడితే నీళ్లు కారిపోతూనే ఉంటాయి కదా, అలాగే కంప్రెషన్ జారిపోతుంది. అందుకే పొద్దున్నే సెల్ఫ్ అందుకోదు, స్లోలో ఇంజన్ నిలబడదు. పొగ వైపు వాల్వుకు ప్రమాదం ఇంకా ఎక్కువ. దానికి పట్టిన వేడిలో చాలా భాగం, మూసుకుని సీటుకు, అంటే హెడ్‌లో అది కూర్చునే అంచుకు, ఆనుకున్నప్పుడే హెడ్‌లోకి దిగుతుంది. ఆనకపోతే చల్లబడే దారి లేక అంచు కాలిపోతుంది. అప్పుడిక హెడ్ దింపాల్సిందే.

కాబట్టి ఆలస్యం చేయకండి. రాత్రంతా బండిని షెడ్డులోనే ఉంచి, పొద్దున్నే చల్లని ఇంజన్ మీద గేజ్ పెట్టి సందు సెట్ చేయమనండి. ఆ తర్వాత కంప్రెషన్ చూడమనండి. సరిపడా ఉంటే మీ బండి గట్టెక్కినట్టే. సందు సరిచేసినా కంప్రెషన్ రాకపోతే మాత్రం హెడ్ దింపి వాల్వునూ సీటునూ చూడాలి. కాస్తంత దెబ్బయితే రెండింటినీ కలిపి రుద్ది నున్నచేసే ల్యాపింగ్‌తో సరిపోతుంది, అంచు కాలితే వాల్వు మార్చాలి.

ఇంకో మాట. ఎవరూ ముట్టుకోకపోయినా, తిరిగే కొద్దీ వాల్వు తన సీటులోకి రవ్వంత దిగుతుంది. దాంతో సందు దానంతటదే తగ్గుతుంది. టిక్‌మనే వాల్వు మనల్ని పిలిచి చెబుతుంది. బిగిసిపోయిన వాల్వు ఏమీ చెప్పదు. నాకు ఎక్కువ భయం ఆ రెండోదంటేనే. ‘సౌండ్ లేదు కదా’ అని ఎవరైనా అన్నా సరే, సర్వీస్ బుక్కులో రాసిన కిలోమీటర్లకు ట్యాపెట్లు కొలిపించండి.

ప్రశ్న: డిప్లొమా చదువుతున్నాను. ట్యాపెట్ సెట్టింగ్ నా స్కూటర్‌కి నేనే చేసుకోవాలని ఉంది. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి? – ఒక విద్యార్థి, విజయవాడ

జవాబు: తప్పకుండా నేర్చుకో బాబూ. ముందు వేళ సంగతి. హోండా మాన్యువళ్లు ఇంజన్ 35 డిగ్రీల లోపు చల్లగా ఉన్నప్పుడే కొలవమంటాయి. మే నెల మధ్యాహ్నం మీ ఊళ్లో నీడపట్టున కూడా అంతకు మించి ఉంటుంది. అందుకని రాత్రంతా ఆపి ఉంచిన బండి మీద, తెల్లవారుజామున మొదలుపెట్టు.

చాలా స్కూటర్లలో సిలిండర్ దాదాపు అడ్డంగా పడుకుని ఉంటుంది. సీటూ డిక్కీ విప్పితే గానీ హెడ్ కవర్ చేతికి అందదు. కవర్ విప్పకముందే చుట్టూ ఉన్న దుమ్మూ మట్టీ గుడ్డతో శుభ్రంగా తుడువు. లోపల పడిన ఇసుక రేణువు ఆయిల్‌తో కలిసి అన్ని భాగాలకూ వెళ్తుంది. ప్లగ్గు తీసేస్తే ఇంజన్‌ను చేత్తో తిప్పడం తేలిక.

ఇప్పుడు ఫ్లైవీల్ మీదున్న టీ అక్షరం గుర్తును కేసు మీది గుర్తుకు ఎదురుగా తీసుకురావాలి. ఇంజన్ మామూలుగా తిరిగే వైపే తిప్పు, వెనక్కి తిప్పకు. కొత్తవాళ్లు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే. ఆ గుర్తు రెండు చుట్లలో రెండుసార్లు ఎదురవుతుంది. ఒకటి కంప్రెషన్ చివర, ఇంకోటి పొగ పోయే స్ట్రోక్ చివర. మనకు కావలసింది కంప్రెషన్ చివరిది. రెండు రాకర్లనూ వేలితో కదిపి చూడు, రెండూ రవ్వంత ఆడాలి. బిగుసుకుని ఉంటే ఇంకొక్క చుట్టు తిప్పి మళ్లీ చూడు.

తర్వాత ఫీలర్ గేజ్, అంటే సందు కొలిచే సన్నని రేకుల కట్ట. మీ మాన్యువల్‌లో ఏ వాల్వుకు ఎంతని ఉందో చూసి ఆ రేకు తీసి, కాస్త ఆయిల్ రాసి, స్క్రూకీ కాడకీ మధ్య నిటారుగా దూర్చు. బరువైన పుస్తకం కింద ఉన్న కాగితాన్ని లాగినట్టు చేతికి కొంచెం పట్టు తెలియాలి. గట్టిగా నెడితే గానీ దూరకపోతే సందు తక్కువ. ఏ పట్టూ లేకుండా ఆడితే ఎక్కువ. చేతి అంచనా మీద నమ్మకం కుదరకపోతే కొద్దిగా మందమైన రేకు పెట్టి చూడు, అది దూరకూడదు.

సందు మార్చాలంటే లాక్‌నట్ వదులు చేసి స్క్రూ తిప్పాలి. నట్ బిగించేటప్పుడు దాంతోపాటు స్క్రూ కూడా కాస్త తిరుగుతుంది, సందు మారిపోతుంది. స్క్రూను కదలకుండా పట్టుకుని నట్ బిగించు. ఆ తర్వాత రేకు మళ్లీ పెట్టు. ఇంజన్‌ను రెండు చుట్లు తిప్పి ఇంకోసారి చూడు. నేను పని నేర్చుకున్న షెడ్డులో మేస్త్రీ ఈ మూడో కొలత చూడకుండా కవర్ వేయనిచ్చేవాడు కాదు. ఇప్పటికీ నాకదే అలవాటు. కవర్ బోల్టులు మరీ బిగించకు. అల్యూమినియం మర పోతే ఆ బాధ వేరు.

ప్రశ్న: పాల క్యాన్లు వేసుకుని రోజూ 40 కిలోమీటర్లు తిరుగుతాను. బండి ఆగి ఉన్నప్పుడు గలగలమని చప్పుడొస్తోంది, రేజ్ చేస్తే పోతోంది. ఇంజన్ దింపాలంటున్నారు. నిజమేనా? – ఒక పాల వ్యాపారి, జగిత్యాల

జవాబు: తొందరపడి దింపించకండి. మీరు చెప్పిన తీరు చూస్తే చప్పుడు బెల్ట్ వైపు నుంచేమో అనిపిస్తోంది. గేర్లు లేని స్కూటర్‌లో బెల్ట్ ముందువైపు వేరియేటర్ ఉంటుంది, దాని లోపల గుండ్రటి రోలర్లుంటాయి. బరువుతో తిరిగి తిరిగి అవి ఒకవైపు చదునుగా అరుగుతాయి. స్లోలో వదులుగా కొట్టుకుని గలగలమంటాయి, స్పీడు పెరగ్గానే బయటికి నెట్టుకుపోయి సద్దు ఆపేస్తాయి. ఆ కవర్ ఒక్కటి విప్పి రోలర్లూ బెల్టూ క్లచ్చూ చూపించండి. ఇంజన్ స్టార్ట్ చేసి ఉండగా మాత్రం ఆ కవర్ తెరిచి దగ్గర కూర్చోకండి. లుంగీ అంచు బెల్ట్‌లో చిక్కుకుంటే వేళ్లు పోతాయి.

చప్పుడు ఎక్కడిదో తెలియాలంటే, పొడవాటి స్క్రూడ్రైవర్ కొసను ఇంజన్ కేసుకు ఆనించి పిడిని చెవి దగ్గర పెట్టండి. తిరిగే భాగాలకూ సైలెన్సర్‌కూ దూరంగా ఉండండి. హెడ్ దగ్గర గట్టిగా వినిపిస్తే ట్యాపెటో టైమింగ్ చైనో అనుకోండి. క్యామ్ షాఫ్ట్ ఇంజన్‌లో సగం వేగంతోనే తిరుగుతుంది. ఇంజన్ స్లోలో నిమిషానికి 1700 చుట్లు తిరిగితే ఒక్కో ట్యాపెట్ తట్టేది 850 సార్లే. అందుకే ట్యాపెట్ చప్పుడు తేలిగ్గా, కుట్టుమిషన్‌లా వినిపిస్తుంది. పొద్దున్న ఉండి ఇంజన్ వేడెక్కాక తగ్గే టకటక పిస్టన్‌ది కావచ్చు. సైలెన్సర్ హెడ్‌కు కలిసే చోట గ్యాస్కెట్ పోయినా అచ్చం ట్యాపెట్‌లాగే వినిపిస్తుంది, అక్కడ నల్లటి మసి కనిపిస్తుంది. అది చూడకుండా ట్యాపెట్లు తిప్పేసినవాళ్లను చాలామందిని చూశాను. లోడు మీద కింది నుంచి బరువుగా ఠంగుఠంగుమంటే మాత్రం నడపకుండా అక్కడే ఆపండి. కనెక్టింగ్ రాడ్ బేరింగ్ పోయి ఉండవచ్చు.

ప్రశ్న: నాన్నగారి పాత టూస్ట్రోక్ బజాజ్ చేతక్‌కి ట్యాపెట్ సెట్టింగ్ ఎన్నాళ్లకోసారి చేయించాలి? – ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: చేయించనక్కర్లేదు. అందులో ఇలాంటి వాల్వులే లేవు, గాలీ పొగా సిలిండర్‌కున్న రంధ్రాల గుండానే వచ్చి పోతాయి. ఎవరైనా దానికి ట్యాపెట్ సెట్టింగ్ పేరుతో డబ్బు అడిగితే ఇవ్వకండి. 2020లో వచ్చిన కొత్త చేతక్ కరెంటుతో నడిచేది, దానికీ ట్యాపెట్లు లేవు.

ప్రశ్న: చప్పుడు తగ్గడానికి చిక్కటి ఆయిల్ పోయమంటున్నారు. పోయవచ్చా? – ఒక గృహిణి, కర్నూలు

జవాబు: వద్దమ్మా. కంపెనీ 10డబ్ల్యూ-30 చెప్పిన బండిలో 20డబ్ల్యూ-50 పోస్తే చప్పుడు కొంత తగ్గినట్టే ఉంటుంది. కానీ అరుగుదల అలాగే ఉంటుంది, సందూ మారదు. పైగా చిక్కటి ఆయిల్ పొద్దున్నే హెడ్ దాకా చేరడానికి ఎక్కువ సమయం పడుతుంది. ముందు ఉన్న ఆయిల్ ఎంతుందో చూడండి. ఈ బండ్లలో పట్టేదే లీటరు లోపు, రెండు వందల మిల్లీలీటర్లు తగ్గినా ఇంజన్‌కు తెలుస్తుంది. సెంటర్ స్టాండ్ వేసి, ఇంజన్ ఆపి రెండు మూడు నిమిషాలు ఆగి, ఆయిల్ కొలిచే పుల్లను (డిప్‌స్టిక్) తుడిచి పెట్టి చూడండి. హోండా బండి అయితే చూసేటప్పుడు పుల్లను మర తిప్పి బిగించకూడదు, ఊరికే ఆనించి తీయాలి.