ఫోనులోని నది, ఊరి పక్క నది



కరోనా వలన బడులు మూతపడిన రోజులలో, 2020 సెప్టెంబరు 1న, మన ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు దూరదర్శన్ యాదగిరి, టి-శాట్ ఛానళ్ళ ద్వారా పాఠాలు మొదలయ్యాయి. నాటినుండి తెరమీద చదువు మన ఇళ్ళలో అలవాటైపోయింది. 2017లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన దీక్షా వేదికలో పర్యావరణ పాఠాలు ఉచితంగా దొరుకుతాయి. ఇస్రో వారి భువన్ పటంలో ఉపగ్రహం తీసిన మన నదులనే చూడవచ్చు. ఇవన్నీ మేలైనవే. అయితే అమెజాన్ నది గురించి గడగడా చెప్పే సిరిసిల్ల పిల్లవానికి, మానేరు ఎక్కడికి పోతుందో తెలుసా?

మన నదులు

మానేరు సిరిసిల్లను ఒరుసుకొని పారుతుంది. నర్మాల వద్ద ఎగువ మానేరు, మాన్వాడ వద్ద మధ్య మానేరు, కరీంనగర్ వద్ద దిగువ మానేరు ఆనకట్టలు దాటి గోదావరిలో కలుస్తుంది. జగిత్యాల జిల్లా ఉత్తరపు అంచున గోదావరి ఉంది. 1963లో శంకుస్థాపన జరిగిన శ్రీరాంసాగర్ నుండి కాకతీయ కాలువ ద్వారా వచ్చే నీరు కోరుట్ల, జగిత్యాల ప్రాంతపు పొలాలను తడుపుతుంది. మన కంచంలోని అన్నం ఈ నీటి పంటే.

నీటిలోని కుటుంబం

తూనీగ పిల్లలు నీటిలోనే పెరుగుతాయి, దోమ పిల్లలను తింటాయి. చేపలను లకుముకి పిట్ట, కొంగ, నీటికాకి తింటాయి. ఒకటి చెడితే మిగిలినవీ చెడతాయి. పొలంలో ఎక్కువైన ఎరువు వానకు కొట్టుకొచ్చి నీటిలో చేరితే పాచి విపరీతంగా పెరుగుతుంది. ఆ పాచి చచ్చి కుళ్ళేటప్పుడు నీటిలోని ప్రాణవాయువు ఖర్చయిపోతుంది. తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరవడం చెరువుల దగ్గర చూసే ఉంటారు. ఊపిరాడకనే అవి అలా చేస్తాయి.

విశ్వాసపు వెలుగులో

దేవుడు మానవుని తోటలో ఉంచినది దానిని సేద్యము చేసి కాపాడుటకని ఆదికాండము 2:15 తెలుపుతుంది. దివంగత పోపు ఫ్రాన్సిస్ గారు 2015లో వెలువరించిన ‘లౌదాతో సీ’ విశ్వలేఖలో, సురక్షితమైన తాగునీరు ప్రతి మనిషికీ హక్కు అని బోధించారు. తెరలు మనలను లోతైన ఆలోచన నుండి, ఇతరుల బాధనుండి దూరం చేయగలవని కూడ అదే లేఖలో హెచ్చరించారు. జ్ఞానస్నానములో మనలను దేవుని బిడ్డలుగా చేసినది నీటి ద్వారానే కదా! అట్టి నీటిని మురికి చేసి, పూజలో మాత్రం దానిని దీవించమని అడుగుట తగునా?

ఇంట్లో చేయవలసినవి

1. ఫోనులో పిల్లలతో కలిసి కూర్చుని పటంలో మీ ఊరి వాగును వెదకండి. అది ఏ నదిలో కలుస్తుందో వేలితో చూపించమనండి.

2. ఆదివారం పూజ తరువాత ఒకసారి ఒడ్డుకు తీసుకొని వెళ్ళండి. ఫోనులో నేర్చుకున్న పిట్టలు, పురుగులు ఎన్ని కనబడ్డాయో నోటుబుక్కులో వ్రాయించండి. పెద్దలు లేకుండా పంపవద్దు. ఇసుక తీసిన గుంతలు నీటి కింద కనబడవు.

3. వాగులో ప్లాస్టిక్ సంచి వేయబోమని కుటుంబమంతా తీర్మానించుకోండి. పిల్లలు మన మాట కన్న మన చేతను ఎక్కువగా నేర్చుకుంటారు.

చర్చించుకొనుటకు

మన ఇంటి మురుగు ఎక్కడికి పోతుంది? ఆ నీటిని దిగువన ఎవరు తాగుతున్నారు? వారు మన పొరుగువారు కారా?