పిట్టగోడయు గుమ్మమును

ప్రజల భద్రతను, మనుష్యుని స్వేచ్ఛను గూర్చిన పాఠము

చదువవలసిన భాగములు: ద్వితీయోపదేశకాండము 22:8, 24:10-11, అపొస్తలుల కార్యములు 21:30 నుండి 23:24 వరకు, రోమా 13:1-4.

1998వ సంవత్సరము నవంబరులో అప్పటి ప్రధానమంత్రి వాజపేయిగారు మాదాపూరులో సైబర్ టవర్స్ అను భవనమును ప్రారంభించిరి. నాడు బండలును తుప్పలును నిండియుండిన ఆ ప్రాంతము నేడు హైటెక్ సిటీ, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ అను పేర్లతో ఒక పెద్ద పట్టణమైనది. అక్కడ పని రాత్రింబగళ్లు జరుగుచుండును. మన సంఘ కుటుంబముల బిడ్డలనేకులు అర్ధరాత్రి షిఫ్టు ముగించుకొని క్యాబులో ఇల్లు చేరువారే. బిడ్డ వచ్చువరకు తల్లి ఫోను చేతబట్టుకొని మేలుకొనియుండును.

ఆ తల్లి పోలీసువారు బలవంతులై యుండవలెనని కోరును. అది న్యాయమైన కోరికయే. అయితే ఆమె కుమారుని ఏ తప్పును లేకుండగనే నడివీధిలో ఆపి, వాని ఫోను తెరచి చూచినప్పుడు ఆమె ఏమనును? పోలీసువారికి ఇంత అధికారమెందుకని అడుగును. ఒకే తల్లి, ఒకే నగరము, రెండు కోరికలు. ఈ రెండింటిని ఎట్లు కలుపవలెనో ఈ నెల ధ్యానింతము.

1. ఒకే గ్రంథములో రెండు ఆజ్ఞలు

పూర్వకాలమున పాలస్తీనా దేశపు ఇండ్లకు చదునైన మిద్దెలుండెను. ఎండకాలమున జనులు వాటిపై నిద్రించుచుండిరి. క్రొత్త ఇల్లు కట్టువాడు మిద్దె చుట్టు పిట్టగోడ కట్టవలెననియు, కట్టనియెడల అక్కడనుండి పడి చచ్చినవాని రక్తాపరాధము ఆ ఇంటిమీద నుండుననియు ధర్మశాస్త్రము విధించెను. ఇల్లు వానిదే, మిద్దెయు వానిదే. అయినను నా ఇల్లు నా ఇష్టమని వాడు చెప్పరాదు. పొరుగువాని ప్రాణము నిమిత్తము వాని స్వేచ్ఛకు ఒక హద్దు ఏర్పడెను.

అదే గ్రంథములో రెండధ్యాయముల తరువాత మరియొక ఆజ్ఞ కలదు. అప్పిచ్చినవాడు తాకట్టు తీసికొనుటకు అప్పుపడినవాని ఇంటిలో ప్రవేశింపరాదు. వాడు వెలుపల నిలువవలెను. లోపలివాడే తాకట్టును బయటికి తెచ్చియియ్యవలెను. ఇక్కడ ఒక సంగతి గమనింపుడి. అప్పిచ్చినవాడు దొంగ కాడు. వాని బాకీ నిజమైనది, తాకట్టు పొందుటకు వానికి హక్కు కలదు. అయినను గుమ్మము దాటు హక్కు వానికి లేదు. హక్కు గలవానికిని హద్దు కలదన్నమాట.

ఈ రెండు ఆజ్ఞలు ఒకదానికొకటి విరోధములు కావు. పిట్టగోడ పొరుగువాని ప్రాణమును కాపాడును, గుమ్మము బీదవాని గౌరవమును కాపాడును. పిట్టగోడ లేని ఇల్లు అపాయకరము. గుమ్మము లేని ఇల్లు ఇల్లే కాదు. భద్రత కావలెనా, స్వేచ్ఛ కావలెనా అని అడుగువారు ఈ రెంటిని కట్టవలసినది ఒకే ఇంటికని మరచుచున్నారు.

2. లూసియ నేర్చుకొనిన పాఠము

యెరూషలేములో జనసమూహము పౌలును పట్టుకొని, దేవాలయము వెలుపలికి ఈడ్చి చంపజూచెను. పటాలపు పైయధికారియైన క్లౌదియ లూసియ సైనికులతో పరుగెత్తి వచ్చి అతనిని విడిపించెను. అధికారి ఉండుట ఎంత మేలో ఇందువలన తెలియుచున్నది. అతడు రానియెడల పౌలు ఆనాడే చచ్చియుండును.

అయితే ఆ లూసియయే కోటలోనికి పోయిన తరువాత, నిజము రాబట్టుటకు పౌలును కొరడాలతో కొట్టుడని ఆజ్ఞాపించెను. ప్రాణము కాపాడిన చేయియే కొరడా నెత్తెను. అప్పుడు పౌలు కేకలు వేయలేదు, శపింపలేదు. విచారణ జరుగకమునుపే ఒక రోమా పౌరుని కొట్టుటకు మీకు చట్టము సెలవిచ్చుచున్నదా యని దగ్గర నున్న శతాధిపతిని అడిగెను. ఆ ఒక్క ప్రశ్నతో కొరడా ఆగెను. లూసియ భయపడెను. చట్టమునకు భయపడు అధికారి ప్రజలకు మేలు. ప్రజలు చట్టమును ఎరిగియుండుట అధికారికిని మేలు.

తరువాత ఏమి జరిగెను? నలువదిమందికి పైగా మనుష్యులు దారిలో పౌలును చంపుటకు ఒట్టు పెట్టుకొనిరని లూసియకు తెలిసెను. అతడు 200 మంది సైనికులను, 70 మంది గుఱ్ఱపు రౌతులను, 200 మంది ఈటెలవారిని సిద్ధపరచి, రాత్రివేళ పౌలును కైసరయలోని అధిపతియొద్దకు పంపెను. ఒక ఖైదీ ప్రాణముతో న్యాయాధిపతి యెదుట నిలుచుటకు 470 మంది కావలి! అతడు దోషియో నిర్దోషియో లూసియకు ఇంకను తెలియదు. దానిని తేల్చువాడు తాను కాడని మాత్రము అతనికి తెలిసెను.

3. మన నగరములో రెండు సంగతులు

2013 అక్టోబరు 18న హైటెక్ సిటీ ప్రాంతమున, ఇంటికి పోవుటకు వాహనము కొరకు నిలిచియున్న ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగినిని ఇద్దరు డ్రైవర్లు కారులో ఎత్తుకొనిపోయి చెరచిరి. పత్రికలు ఆమెను అభయ యని పిలిచెను. పోలీసువారు ఆ ఇద్దరిని పట్టుకొని, సాక్ష్యములు కూర్చి, న్యాయస్థానమునకు అప్పగించిరి. 2014 మే నెలలో ఇద్దరికిని 20 సంవత్సరముల కఠిన కారాగార శిక్ష విధింపబడెను. నేరమునకును తీర్పునకును నడుమ ఏడు నెలలే. న్యాయము త్వరగా జరుగజాలదని పలుకువారు ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనవలెను.

రెండవ సంగతి మరింత దుఃఖకరమైనది. 2019 నవంబరు 27 రాత్రి శంషాబాదు సమీపమున తొండుపల్లి టోల్‌గేటు యొద్ద ఒక యువ పశువైద్యురాలు చెరచబడి చంపబడెను. మరునాడు షాద్‌నగరు దగ్గర చటాన్‌పల్లి యొద్ద ఆమె కాలిన దేహము దొరకెను. లోకము ఆమెను దిశ యను పేరుతో ఎరుగును. ఆ రాత్రి ఆమె ఇంటివారు పోలీసు స్టేషనుకు పరుగెత్తగా, ఇది మా హద్దులోనిది కాదను మాట వినవలసివచ్చెను. విలువైన గంటలు గడచిపోయెను. ఆలస్యము చేసినందుకు ముగ్గురు పోలీసులను తరువాత పనినుండి తాత్కాలికముగా తొలగించిరి.

నలుగురు నిందితులు పట్టుబడిరి. డిసెంబరు 6న తెల్లవారకమునుపు సైబరాబాదు పోలీసువారు వారిని చటాన్‌పల్లికి తీసికొనిపోయిరి. అక్కడ నలుగురును కాల్పులలో చచ్చిరి. నిందితులు తుపాకులు లాగుకొనిరనియు, ఆత్మరక్షణకై కాల్చితిమనియు పోలీసులు చెప్పిరి. జనులు పోలీసులమీద పువ్వులు చల్లి, మిఠాయిలు పంచిరి. డిసెంబరు 12న సుప్రీముకోర్టు విశ్రాంత న్యాయమూర్తి వి.ఎస్. సిర్పూర్కరుగారి అధ్యక్షతను ముగ్గురు సభ్యుల కమిషనును నియమించెను. 2022లో వెలువడిన నివేదికలో కమిషను పోలీసుల మాట నమ్మదగినది కాదనియు, చంపు ఉద్దేశముతోనే కాల్చిరనియు తెలిపెను. పదిమంది పోలీసులను హత్యానేరమునకై విచారింపవలెనని సిఫారసు చేసెను. చచ్చినవారిలో ముగ్గురు మైనర్లనియు తేల్చెను. సుప్రీముకోర్టు ఆ సంగతిని తెలంగాణ హైకోర్టునకు పంపెను.

మొదటి రాత్రి చట్టము గుమ్మము దాటి రాలేదు. తొమ్మిది దినముల తరువాత చట్టము తీర్పు వరకు ఆగలేదు. పైకి ఇవి రెండు వేర్వేరు తప్పులుగా కనబడును: ఒకటి నిర్లక్ష్యము, మరియొకటి తొందర. కాని మూలము ఒక్కటే. నియమించిన మార్గమున నడువకపోవుటయే ఆ మూలము. మొదటి రాత్రి పోలీసువారిని పరుగెత్తింపవలసిన చట్టమును, తెల్లవారుజామున వారి చేయి పట్టుకొనవలసిన చట్టమును ఒకటే.

"మీ కుమార్తెయైనయెడల ఇట్లు వ్రాయుదురా?" అని చదువరులలో కొందరు మమ్మును అడుగవచ్చును. ఈ ప్రశ్నను మేము తేలికగా ఎంచము. హేబెలు రక్తము భూమిలోనుండి మొరపెట్టగా దేవుడు వినెను. ఆ మొరను విననివాడు మనుష్యుడు కాడు. అయితే సర్వమెరిగిన దేవుడు సహితము కయీనును ముందుగా ప్రశ్నించి, వానిచేత ఉత్తరము చెప్పించి, పిమ్మట తీర్పు తీర్చెను. కోపముతో మండు తండ్రి చేతికి తీర్పు నియ్యక న్యాయాధిపతి చేతికిచ్చుట, తండ్రి దుఃఖము చిన్నదని కాదు. అంత దుఃఖములో ఎవడును సరిగా తూచలేడు గనుక. ఆ నలుగురిలో ఎవడు ఏమి చేసెనో న్యాయస్థానమున ఇక తేలదు. కుమార్తెను పోగొట్టుకొనిన ఆ ఇంటివారికి తీర్పు అనునది రానేలేదు.

మరియొక మాట. కమిషను నివేదిక న్యాయస్థానపు తీర్పు కాదు. ఆ పదిమంది పోలీసులును తమ మాట చెప్పుకొను హక్కు గలవారే. విచారణ లేని శిక్ష తప్పని చెప్పు మనము, విచారణ లేకుండ వారిని దోషులనరాదు.

4. వీధిలోని కెమెరా, చేతిలోని ఫోను

2013లో మన రాష్ట్రమున ప్రజాభద్రతా చట్టము వచ్చెను. జనులు విశేషముగా కూడు దుకాణములు, ఆసుపత్రులు, ప్రార్థనాస్థలములు మొదలగునవి కెమెరాలు పెట్టవలెననియు, ఆ చిత్రములను 30 దినములు భద్రపరచవలెననియు అది విధించెను. 2022 ఆగస్టు 4న బంజారాహిల్సులో పోలీసువారి కమాండ్ కంట్రోల్ కేంద్రము ప్రారంభమాయెను. నగరపు కెమెరాల దృశ్యములను అక్కడనుండి చూడవచ్చును. తప్పిపోయిన బిడ్డను వెదకుటకు, ఢీకొట్టి పారిపోయిన వాహనమును గుర్తించుటకు ఇవి ఎంతో ఉపయోగము. ఇది పిట్టగోడ వంటిది. దీనిని నిందింపరాదు.

అయితే 2021 అక్టోబరులో హైదరాబాదు వీధులలో పోలీసులు గంజాయి కొరకు వెదకుచు, దారిన పోవువారిని ఆపి వారి ఫోనులలోని సంభాషణలను చూచిరి. ఫోనులో ఒకని ఉత్తరములు, బ్యాంకు లెక్కలు, వైద్యుని చీటీలు, భార్యతో పలికిన మాటలు అన్నియు ఉండును. అది జేబులో నున్న ఇల్లు. అక్కడ గుమ్మమున్నది.

కెమెరాకు ముఖములను గుర్తుపట్టు యంత్రము చేర్చినప్పుడు ప్రశ్న మరింత కఠినమగును. వీధిని చూచు కన్ను వేరు. వీధిలో నడచు ప్రతివాని పేరు అడుగు కన్ను వేరు. 2021లో పోలీసులు మాస్కు తీయించి తన ఛాయాచిత్రము తీసికొనిరని ఒక సామాజిక కార్యకర్త హైకోర్టులో వ్యాజ్యము వేసి, ఈ యంత్రమునకు ఏ చట్టము ఆధారమని అడిగెను. పౌలు అడిగిన ప్రశ్నయు ఈ తీరుదే.

ఇట్టి వాటిని తూచుటకు ఒక కొలత కలదు. 2017 ఆగస్టు 24న పుట్టస్వామిగారి వ్యాజ్యములో సుప్రీముకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవముగా, మనుష్యుని ఆంతరంగిక జీవితము రాజ్యాంగపు 21వ అధికరణము కాపాడు హక్కని తీర్పిచ్చిరి. ప్రభుత్వము ఆ గుమ్మము దాటగోరినయెడల మూడు ప్రశ్నలకు జవాబు చెప్పవలెను. దానికి చట్టమున్నదా? ఆ పనికి న్యాయమైన అవసరమున్నదా? అవసరమునకు మించి చేయుచున్నారా? ఈ మూడు ప్రశ్నలు యౌవనస్థులకు కంఠస్థము చేయింపదగినవి.

5. మనము చేయవలసినది

మొదటిది, చట్టమును తెలిసికొందము. 2024 జూలై 1 నుండి అమలులోనున్న క్రొత్త నేర విచారణ చట్టము ప్రకారము, విచారింపదగిన పెద్ద నేరము ఏ హద్దులో జరిగినను ఏ స్టేషనులోనైనను ఫిర్యాదు వ్రాసికొనవలెను. 2019లో ఆ ఇంటివారు వినిన మాట మరి ఎవరును వినకూడదు. అరెస్టయినవానికి కారణము తెలుపవలెననియు, న్యాయవాదిని పిలుచుకొననియ్యవలెననియు, ప్రయాణకాలము గాక 24 గంటలలో మెజిస్ట్రేటు ఎదుటికి తేవలెననియు రాజ్యాంగపు 22వ అధికరణము చెప్పుచున్నది.

రెండవది, పోలీసువారిని గౌరవింతము. అధికారి మన మేలుకొరకు దేవుడు ఉంచిన పరిచారకుడని పౌలు బోధించెను. వానలోను ఎండలోను కూడలిలో నిలుచు కానిస్టేబులు, 2014 అక్టోబరు నుండి స్త్రీల రక్షణకై తిరుగుచున్న షీ టీములు మన పొరుగువారే. నేరము చూచినవారు సాక్ష్యము చెప్పుటకు వెనుదీయరాదు. సాక్షులు దాగుకొను ఊరిలో న్యాయస్థానములు బలహీనమగును. అవి బలహీనమైనచోట తుపాకికి పువ్వులు పడును.

మూడవది, సమూహముతో కలిసి కేకలు వేయక నిలుతము. ఫోనులో వచ్చిన ప్రతి నిందను పదిమందికి పంపుటయు ఒక విధమైన రాళ్లు రువ్వుటయే. పరిచారకుడను మాటలోనే హద్దున్నది. పరిచారకుడు యజమానుని ఆజ్ఞ చొప్పున నడుచువాడేగాని తనకు తానే ఆజ్ఞ కాడు.

రాత్రివేళ మన కుమార్తె క్షేమముగా ఇల్లు చేరవలెను. పట్టుబడిన పరుల కుమారుడును ప్రాణముతో న్యాయాధిపతి యెదుటికి చేరవలెను. ఈ రెండు దారులను కాయువాడే మంచి అధికారి. అట్టివారి కొరకు ప్రార్థింతము. అట్టివారు మనకుండవలెనని అడుగుదము.

కూటములలో చర్చింపవలసిన ప్రశ్నలు

1. పిట్టగోడను గూర్చిన ఆజ్ఞ, తాకట్టును గూర్చిన ఆజ్ఞ నేడు మన కాలనీలో ఏయే విషయములకు వర్తించును?
2. లూసియ చేసిన మేలేమి? చేయబోయిన తప్పేమి? ఆ తప్పును ఆపినదేమి?
3. 2019 డిసెంబరు 6న ఆ వార్త వినినప్పుడు మన యిండ్లలో ఏమి మాటలాడుకొంటిమి? నేడు ఏమందుము?
4. మన ప్రార్థనాస్థలములో కెమెరాలున్నయెడల ఆ చిత్రములను ఎవరు చూడవచ్చును, ఎంతకాలము ఉంచవచ్చును? సంఘము దీనికి నియమము చేసికొన్నదా?